కారు గడపకు కొత్త అతుకు

మేస్త్రి ముప్పై ఏళ్ళు కార్లకు రేకు పని చేశాడు. సొట్టలు తీయడం, తుప్పు తిన్నంత మేరా కోసి కొత్త ముక్క అతకడం, అతుకు వేలికి తగలకుండా రుద్దడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. నీటికాసుల జబ్బు వచ్చి ఒక కన్ను, ఏడాది తిరక్కుండానే రెండోదీ మసకబారాయి. యాభై ఆరో ఏట వెలుగేదో చీకటేదో మాత్రం తెలిసేంత చూపు మిగిలింది. షెడ్డునీ అందులోని పెద్ద వెల్డింగు మిషన్నీ తన దగ్గర పని నేర్చుకున్న మనిషికే అప్పగించి ఇంటికొచ్చి కూర్చున్నాడు. "ఈ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీటం లేదు" అని భార్యతో ఒక్కసారి అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

భార్య బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. కుట్టినవాటిని మూటలు కట్టి, తమ పాత కారు వెనక సీట్లో వేసుకుని, తనే నడుపుకుంటూ వెళ్ళి బడుల్లో ఇచ్చి వస్తుంది. ఆ ఏడు తనిఖీలో ఆ కారు రోడ్డు మీద తిరగొచ్చనే కాగితం ఇవ్వలేదు. డ్రైవరు వైపు తలుపు కింద, ఇంటికి గడపలా పొడుగునా ఒక రేకుపెట్టె ఉంటుంది. తనిఖీ అధికారి స్క్రూడ్రైవరుతో అక్కడ పొడిస్తే రేకు బిస్కెట్టు ముక్కలా విరిగి కింద పడింది.

ఆవిడ కారును పాత షెడ్డుకే తీసుకెళ్ళింది. "ఏముందమ్మా, పైన చిన్న ముక్క పెట్టి, లప్పం కొట్టి, రంగేసేస్తా. సాయంత్రానికి తీసుకెళ్ళొచ్చు" అన్నాడు అక్కడి మనిషి. ఆ మాట ఇంటికొచ్చి చెప్పగానే మేస్త్రి ముఖం మాడిపోయింది.

"వద్దు. కారు వెనక్కి తెచ్చెయ్."

"మరి ఎవరు చేస్తారు?"

ఆవిడ వెళ్ళి కారు తెచ్చేసింది. రెండు రోజులు కారు వాకిట్లోనే ఉంది. మూడో రోజు ఆవిడ కుట్టుమిషను మీంచి లేవకుండానే అంది. "నేను చేస్తా. మీరు చెప్పండి."

"ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా షెడ్డు గుమ్మం తొక్కావా?"

"తొక్కనిచ్చారా?"

ఆయనకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "కళ్ళు పోతాయే" అన్నాడు గొంతు తగ్గించి.

"మీ కళ్ళు వెల్డింగు వల్ల పోలేదని డాక్టరు మూడుసార్లు చెప్పాడు. మీరే చెవిన పెట్టలేదు. నా కళ్ళకి ఏం కావాలో అది కొనండి, పెట్టుకుంటా."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ పనిముట్ల దుకాణానికి వెళ్ళారు. ఆవిడ మోచెయ్యి పట్టుకుని మేస్త్రి మెట్లెక్కాడు. దుకాణదారు ముందుగా ఒక చిన్న మిషను తెచ్చి బల్ల మీద పెట్టాడు. "రాడ్డు పెట్టి చేసేది. సంచిలో వేసుకుని తీసుకెళ్ళిపోవచ్చు. ఇంట్లోకి ఇది చాలండీ."

"గేట్లకీ కిటికీ ఊచలకీ చాలు. కారు రేకు గోరంత మందం ఉంటుంది. దాని మీద రాడ్డు పెడితే అతుకు పడదు, చిల్లు పడుతుంది" అన్నాడు మేస్త్రి. ఆయన గొంతులో ఏదో కరుకుదనం పలికింది. భార్య తల తిప్పి చూసింది.

తర్వాత తీగతో నడిచేది చూపించారు. అతుకుకు గాలి తగలకుండా కాపాడే గ్యాసు అక్కర్లేదు, ఆ పని చేసే మందు తీగలోనే ఉంటుందన్నారు. ఆరుబయట గాలిలో పనికి అది మంచిదే గానీ పల్చటి రేకుకు వేడి ఎక్కువని మేస్త్రి దాన్నీ పక్కన పెట్టించాడు. మూడోది తీగతోపాటు గ్యాసు సిలిండరు తగిలించుకునే రకం. దుకాణదారు ఉత్సాహంగా దాని బలం గురించి చెప్పడం మొదలెట్టాడు.

"ఎంత పైకి వెళ్తుందో కాదు బాబూ, ఎంత కిందికి దిగుతుందో చెప్పు."

దుకాణదారు వంగి చూసి చెప్పాడు. "ముప్పై ఆంపియర్లకి దిగుతుందండీ."

"అన్నిటికన్నా సన్నటి తీగ పడుతుందా? మామూలు ఇంటి కరెంటుతో నడుస్తుందా?"

రెండింటికీ అవునన్నాక, ఒకసారి వెలిగించి వినిపించమన్నాడు. దుకాణం వెనక రేకుముక్క మీద రెండు కంపెనీల మిషన్లు వెలిగించారు. మొదటిది చిటపటమంటూ తడబడి ఆగింది. రెండోది రేకుల కప్పు మీద సన్నటి వాన పడుతున్నట్టు ఒకే తీరున మోగింది. మేస్త్రి మెడ వంచి చివరిదాకా విని, "ఇది" అన్నాడు.

ఆవిడ దాని పక్క తలుపు తీసి చూసింది. లోపల చక్రానికి తీగ చుట్టి ఉంది. "ఇది బాబినే కదండీ" అంది.

"బాబినే. దారం బదులు తీగ. సరిగ్గా నడవకపోతే ఏమవుతుంది?"

"చిక్కు పడుతుంది. బిగువు చూసుకోవాలి."

"సగం పని వచ్చేసింది నీకు" అన్నాడు ఆయన.

మిషను కన్నా ముఖానికి పెట్టుకునే ముసుగుకే ఎక్కువ సేపు పట్టింది. వెలుగు పుట్టగానే తనంతట తను నల్లబడే అద్దం ఉన్నదే కావాలన్నాడు. అంచులన్నీ వేళ్ళతో తడిమి, ఆవిడ తలకు పెట్టించి, గడ్డం కిందా చెవుల పక్కనా సందు ఉందేమోనని నాలుగుసార్లు చూశాడు.

మొదటి వారమంతా పాత రేకుల మీద సాధన. ఆవిడ పెట్టిన చుక్కలు సగం అంటుకోలేదు, సగం చిల్లులయ్యాయి. మేస్త్రి కుర్చీ దూరంగా, వెనక్కి తిప్పి వేసుకుని శబ్దం వినేవాడు. "చెయ్యి దూరం పోయింది", "తీగ ఎక్కువొస్తోంది" అని అందించేవాడు. రెండో వారానికి ఆయన మాట్లాడాల్సిన అవసరం తగ్గింది.

కారు మీద పని మొదలుపెట్టిన రోజు బ్యాటరీ తీగలు తీయించాడు. సీటూ, కింద పరిచిన పట్టాలూ బయట పడేయించాడు. పెట్రోలు గొట్టం ఎటు పోతోందో తన చేత్తో తడిమి చూశాకే మొదలెట్టమన్నాడు. నీళ్ళ బకెట్టు పక్కనే ఉంది. తుప్పంతా పోయి గట్టి రేకు తగిలేదాకా ఆవిడ కోసింది. కొత్త ముక్కను అట్ట మీద కొలిచి కత్తిరించింది. జాకెట్టు చేతులు కత్తిరించే మనిషికి అదేమంత కష్టం కాలేదు. ఇక్కడో చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క పెట్టి, చల్లారనిచ్చి మళ్ళీ మధ్యలో పెట్టుకుంటూ వచ్చింది. ఒకేచోట సాగదీస్తే బట్ట ముడతపడ్డట్టు రేకు ముడతపడుతుందని ఆయన చెప్పాడు.

నాలుగో రోజు లోపలి అంచు దగ్గర శబ్దం మారింది. ఆవిడ చెయ్యి ఆపేసింది.

"చిల్లు పడింది. పక్కన రేకు కూడా పల్చబడినట్టుంది. లోపలి వైపేలెండి. లప్పం పెట్టేస్తే ఎవరికి కనపడుతుంది?"

మేస్త్రి కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. తర్వాత అన్నాడు. "నేనూ అదే అనుకున్నా."

"ఎప్పుడు?"

"పన్నెండేళ్ళయింది. లెక్కల మాస్టారి కారు. ఇదే చోటు. పని మధ్యలో గ్యాసు అయిపోయింది. తెల్లారి ప్రయాణం ఉందని ఆయన తొందరపెట్టాడు. రాడ్డుతో నాలుగు చోట్ల అంటించా. అంటిందిలే అనుకున్నా. మిగతాదంతా లప్పంతో పూడ్చి రంగేశా." ఆయన తొడ మీద అరచెయ్యి రుద్దుకున్నాడు. "ఎనిమిది నెలలకి లారీ పక్కనించి గుద్దింది. నుజ్జయిన బండిని నా షెడ్డుకే తెచ్చారు, పనికొస్తుందేమో చూడమని. కాగితం కవరు చించినట్టు గడప విచ్చుకుపోయి ఉంది. నా నాలుగు అతుకులూ అట్లాగే కనపడుతున్నాయి. మాస్టారికి మోకాలి కింద కాలు తీసేశారు."

"ఎవరూ అడగలేదా?"

"ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ ముక్క కోసి పాత ఇనుములో కలిపేశా."

ఆ రోజుల్లో ఆయన నెలపాటు ముద్ద సరిగ్గా మింగలేకపోవడం ఆవిడకు గుర్తుంది. కడుపులో పుండనుకుని మందులు తెచ్చి ఇచ్చింది. "నాకెందుకు చెప్పలేదు?" అంది.

"చెబితే నువ్వు వెళ్ళి ఆయనకి చెప్పమంటావని."

ఆవిడ ముసుగు దించుకుంది. "కొంచెం జరగండి, రవ్వలు పడతాయి" అని, చిల్లు పడ్డ చోటు మొత్తం కోసి పారేసి, మళ్ళీ మొదటినుంచి ముక్క కొలిచింది.

పది రోజుల తర్వాత కారును తనిఖీకి తీసుకెళ్ళారు. అధికారి కింద దూరి, పొడిచి, తట్టి చూసి కాగితం రాసిచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు కూడలి దగ్గర ఆవిడ కారు పక్కకు తీసి ఆపింది.

"మాస్టారి ఇల్లెక్కడ?"

మేస్త్రి తడుముకోలేదు. "పోస్టాఫీసు దాటాక మూడో వీధి. కుడివైపు నీలం గేటు." చూపున్న రోజుల్లో ఆ గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చినవి ఎన్నిసార్లో ఆయన లెక్కపెట్టుకోలేదు.

మాస్టారు ముందుగదిలో కూర్చుని ఉన్నారు. మేస్త్రి కుర్చీ వద్దన్నాడు. నిలబడే, భార్యకు చెప్పిన వరసలోనే అంతా చెప్పాడు. మాస్టారి ముఖంలో ఏముందో ఆయనకు కనపడదు. చూసిన భార్య కళ్ళు దించుకుంది.

"తొందరపెట్టింది నేనే. అది నాకు గుర్తుంది" అన్నారు మాస్టారు చివరికి.

"గ్యాసు లేదని మీకు చెప్పాల్సింది నేను."

"చెప్పాల్సింది." ఆయన కర్రను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నారు. "అతుకు గట్టిగా ఉంటే కాలు దక్కేదా, దక్కేది కాదా, నాకు తెలీదు. మీకూ తెలీదు. పోనీలెండి అని ఇప్పటికిప్పుడు నేను అనలేను మేస్త్రిగారూ. మనసులో లేనిది నోటితో అనడం నాకు చేతకాదు."

"అనమని రాలేదండీ."

"అది తెలుస్తోంది. కూర్చోండి. కాసిని మంచినీళ్ళు తాగండి."

మేస్త్రి కూర్చున్నాడు. గ్లాసు రెండు చేతులా పట్టుకుని నీళ్ళన్నీ తాగాడు.

వాళ్ళు లేచినప్పుడు మాస్టారు పెట్టుడు కాలి మీద, కర్ర ఊతంతో గేటు దాకా వచ్చారు. కారును చూసి, ఎవరు బాగుచేశారని అడిగారు.

"నేనేనండీ. ఈయన వింటూ చెప్పారు" అంది ఆవిడ.

ఆయన బరువుగా వంగి, తలుపు కింద కొత్త రేకు మీద ఒకచోట బొటనవేలితో గట్టిగా నొక్కి చూశారు. లేచి, ఇంట్లోకి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత మాస్టారు కబురు పెట్టలేదు. వీళ్ళూ వెళ్ళలేదు. ఆ నెలలోనే ఆవిడకు ఇంకో కారు పని వచ్చింది. బండి ఇచ్చినతను వారంలో కావాలన్నాడు. రెండు వారాలు పడుతుందని, లోపల ఎంత తుప్పుందో ఇదిగో చూడమని, మేస్త్రే అతని చెయ్యి పట్టుకుని చిల్లు మీద పెట్టాడు.