ఎడమకి వాలిన గీతలు

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పడం లేదు. మెల్‌బోర్న్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పంతొమ్మిదేళ్ళుగా రక్తపరీక్షలు చేస్తున్నాను. రిజల్ట్ తేడాగా వస్తే శాంపిల్ మళ్ళీ నడుపుతాం తప్ప దిష్టి తగిలిందనుకోం. మేముండే పాయింట్ కుక్ పేటలో మా వీధివాళ్ళు ఎవరైనా కొత్తింటికి గుమ్మడికాయ కడుతుంటే, "ముందు స్మోక్ అలారంలో బ్యాటరీ ఉందో లేదో చూసుకోండి" అనే నోరు నాది. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ బయట చెప్పలేదు.

చెప్పకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇందులో నేను చేసిన తప్పొకటుంది. అది దాచిపెట్టి మిగతాది చెబితే మొత్తం అబద్ధమే అవుతుంది. కాబట్టి రెండూ చెబుతాను.

వసంత మాకు రెండు వీధుల అవతల ఉండేది. మాది తెనాలి, వాళ్ళది కరీంనగర్. ఇక్కడ ఛైల్డ్‌కేర్‌లో పనిచేసేది. ఒకసారి ఇద్దరం ఒకే సమయంలో ఇండియా వెళ్ళి, శ్రీకాళహస్తిలో పక్షం రోజులుండి కలంకారీ నేర్చుకున్నాం. వచ్చాక మా గ్యారేజే మాకు స్టూడియో. ప్రతి శనివారం మధ్యాహ్నం రెండింటికి షట్టర్ ఎత్తేవాళ్ళం. పాపం, మా ఆయన కారు రోడ్డు మీదే ఎండకి ఎండేది. కరక్కాయ పొడి, చిక్కటి పాలు కలిపి గుడ్డ నానబెడతామా, ఆ పాలకంపుకి ఆయన ముక్కు మూసుకుని, "ఇది ఆర్టా, డెయిరీయా?" అనేవారు.

మా పని పద్ధతి గురించి కాస్త చెప్పాలి. బొమ్మ అంచులన్నీ నేను గీసేదాన్ని. లోపల ఆకుల్నీ ఈకల్నీ సన్న గీతలతో నింపేది వసంత. నాకు నింపే ఓపిక లేదు, ఆమెకి అంచు గీసే ధైర్యం లేదు. వసంతది ఎడమచెయ్యి. కుడిచేత్తో నింపితే గీతలు కుడివైపుకి వాలతాయి. వసంత గీతలు ఎడమకి వాలేవి. ఎగ్జిబిషన్లో వంద గుడ్డల మధ్య వేలాడదీసినా మాదేదో దూరం నుంచే తెలిసిపోయేది.

నలుపు కూడా ఆమే చేసేది. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్ళలో వేసి ఇరవై రోజులకి పైగా ఊరబెట్టాలి. ఆ నీళ్ళు కరక్కాయ పట్టించిన గుడ్డకి తగిలితే నల్లబడతాయి. వసంత మామూలు బెల్లం బదులు తాటిబెల్లం వేసేది. ఆమె నలుపులో రవ్వంత నీలం కనిపించేది. నేను చేస్తే గోధుమరంగు పొడచూపేది. ఎందుకో ఇద్దరికీ తెలీదు.

యూరప్‌లో ఆర్టిస్ట్ రెసిడెన్సీలని ఉంటాయి. ఊళ్ళో పాత మిల్లో, స్కూలో ఖాళీగా పడి ఉంటే బాగుచేసి, కళాకారులకి కొన్ని వారాలపాటు గది, పని చేసుకునే చోటు ఇస్తారు. ఆ పిచ్చి వసంతకి పట్టింది. ఫిన్లాండ్‌లో అడవి మధ్య ఇల్లు, ఫ్రాన్స్‌లో కుండలు చేసే ఊరు, హంగేరీలో మూతపడ్డ బడి, ఏదీ వదల్లేదు. అన్నిటికీ ఇద్దరి పేర్లతో జంటగా అప్లై చేశాం. అన్నిచోట్ల నుంచీ మర్యాదగా కుదరదన్నారు. వచ్చిన ప్రతి మెయిల్‌నీ ప్రింట్ తీసి గ్యారేజ్ గోడకి అంటించేది వసంత. "ఏందే సుజాతా, గిట్ల మొఖం వేలాడేసినవ్? ఇవన్ని మన సన్మానపత్రాలు" అని నవ్వేది.

పద్నాలుగో అప్లికేషన్‌కి పోర్చుగల్ నుంచి సరే అని వచ్చింది. కొండల మధ్య చిన్న ఊరు, అందులో పాత ఉన్ని మిల్లు. ఇద్దరికీ ఆరు వారాలు. ఆ రోజు గ్యారేజ్‌లో ఇద్దరం గంతులేశాం, పక్కింటి ఆస్ట్రేలియన్ పెద్దాయన తొంగిచూసి బొటనవేలు ఎత్తాడు.

తర్వాత నెలకే వసంతకి పాంక్రియాస్ క్యాన్సర్ అని తేలింది. రిపోర్టు ఎలా చదవాలో నాకు తెలుసు. చదివాను. ఎన్ని నెలలో కూడా అర్థమైంది. వసంత మాత్రం కీమో కుర్చీలో కూర్చుని, "ఆరు వారాలే కదనే. గప్పటికల్ల లేచి కూసుంట. నువ్వు గుడ్డలు నానబెట్టు" అనేది. చలికి కొత్త బూట్లు కూడా కొనుక్కుంది.

అప్పుడు వచ్చింది పోర్చుగల్ నుంచి మెయిల్. ఇద్దరూ వస్తున్నారో లేదో శుక్రవారంలోగా ఖాయం చేయమని. ఒకరు రాలేకపోతే ఒక్కరికే ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదని.

నేను వసంతని అడగలేదు. "ఆరోగ్యం బాగాలేక వసంత తనంతట తానే తప్పుకుంటోంది, నేనొక్కదాన్నే వస్తాను" అని రాసి పంపేశాను. ఆమెని బాధపెట్టడం ఎందుకని అలా చేశానని చాలాకాలం చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆమె కోసం ఆగితే నా అవకాశం కూడా పోతుందని భయం. బతికున్న మనిషిని, లేస్తానంటున్న మనిషిని, నా చేతులతో లిస్టులోంచి కొట్టేశాను. ల్యాప్‌టాప్ మూసేశాక ఆ మెయిల్ మళ్ళీ తెరవలేదు. ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా చెబుదామనుకునేదాన్ని. నోరు వచ్చేది కాదు.

ప్రయాణానికి మూడు వారాల ముందు వసంత పోయింది.

వెళ్ళకూడదనుకున్నాను. అయినా వెళ్ళాను. ఆ మిల్లు చూసుకునే ఆవిడ పేరు లూర్దెస్, డెబ్బై దాటి ఉంటాయి. గది తలుపు తీస్తే రెండు మంచాలు, రెండిటికీ ఉతికిన దుప్పట్లు. నేనొక్కదాన్నే అన్నాను. ఆవిడ ఫోన్‌లో తన భాషలో ఏదో చెప్పి, తర్జుమా నాకు చూపించింది. "ఇంకో ఆవిడ ఆలస్యంగా వస్తారు కదా."

కాదని ఎన్నిసార్లు చెప్పినా రోజూ పొద్దున ట్రేలో రెండు కప్పులు వచ్చేవి. నాలుగో రోజు తట్టుకోలేక అరిచేశాను, ఆమె చచ్చిపోయిందని. లూర్దెస్ శిలువ గుర్తు వేసుకుని, నా తల నిమిరి, రెండో మంచం మీద దుప్పటి తీసేసింది. రెండో కప్పు మాత్రం మానలేదు. అలవాటేమో అనుకున్నాను.

అక్కడ నేను ఒకే ఒక్క పెద్ద గుడ్డ మీద పనిచేశాను. మా ఇంటి ముందు నీలగిరి చెట్టు, దాని మీద తెల్ల కాకటూ చిలకలు. అంచులన్నీ గీశాను. నలుపు అక్కడి మిల్లు మేకులతో అక్కడే చేసుకున్నాను, నా చేతి నలుపే, గోధుమరంగు. ఆకులు నూట పన్నెండు. నింపుదామని కలం పట్టుకుంటే చెయ్యి కదిలేది కాదు. చివరి రోజు ఊరివాళ్ళు చూడ్డానికి వచ్చినప్పుడు కూడా ఆకులు ఖాళీగానే ఉన్నాయి. ఆ గుడ్డ పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో నా ఫోన్‌లో ఉంది. పెద్దది చేసి వందసార్లు చూశాను. ఒక్క ఆకులోనూ ఒక్క గీత లేదు. అదే సాయంత్రం చుట్టచుట్టి, ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి, సీలు వేశాను.

ఇంటికొచ్చాక ఆ గొట్టాన్ని గ్యారేజ్ అరమీద పడేశాను. తొమ్మిది రోజులు ముట్టుకోలేదు. పదో రోజు శనివారం. మధ్యాహ్నం రెండింటికి, పాత అలవాటు కొద్దీ షట్టర్ ఎత్తి, గొట్టం సీలు నేనే తెంచి, గుడ్డని బల్ల మీద పరిచాను.

పదిహేడు ఆకులు నిండి ఉన్నాయి.

ముందు మరకలనుకున్నాను. కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూశాను. సన్నటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, కొలిచినట్టు. అన్నీ ఎడమకి వాలి ఉన్నాయి. అంచులు నా గోధుమరంగు నలుపు. లోపలి గీతల్లో నీలం కనిపిస్తోంది. అక్కడే రంగు డబ్బా మీద కూలబడ్డాను.

తేరుకున్నాక ల్యాబ్ మనిషినయ్యాను. వసంత ఆఖరిసారి ఊరబెట్టిన నలుపు గాజు సీసాలో, గ్యారేజ్ అరమీదే ఉంది. వెళ్ళేముందు దాని మూత బిగించి, చుట్టూ టేపు వేసి, టేపు మీద సంతకం చేసి, లోపల నీళ్ళ మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీశాను. ల్యాబ్‌లో పంతొమ్మిదేళ్ళ అలవాటు, పప్పు డబ్బాలకి కూడా చేస్తాను. టేపు తెగలేదు. సంతకం చెదరలేదు. నలుపు మాత్రం గీతకి రెండు వేళ్ళు కిందకి దిగి ఉంది.

మా ఆయన్ని నిలదీశాను. "నేనా? చెత్త బిన్ మీద ఇంటి నంబర్ రాస్తేనే వంకరపోతుంది" అన్నారు. నిజమే. ఆయన మొహంలో భయం చూసి ఇంక అడగలేదు.

మిగిలింది వసంత కూతురు మేఘన. గ్యారేజ్ తాళం ఒకటి వాళ్ళింట్లో ఉంది. కానీ మేఘనది కుడిచెయ్యి. పైగా యూనివర్సిటీ ట్రైనింగ్ కోసం, నేను పోర్చుగల్ వెళ్ళిన దగ్గర్నుంచీ బ్రిస్బేన్‌లోనే ఉండి, ఆ శనివారం రాత్రే తిరిగొచ్చింది. అయినా అడగాలి కదా. అడగాలంటే మిగతాది కూడా చెప్పాలి. మర్నాడు పొద్దున గుడ్డ చంకలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ నాన్న షాపింగ్‌కి వెళ్ళారు. పిల్ల ఒక్కతే ఉంది.

గుడ్డ పరిచాను. మేఘన వంగి, ఒక ఆకు మీద వేలు పెట్టి, గీతల వెంట జరిపింది.

"ఇట్స్ మామ్స్ హ్యాండ్" అంది. "ఎప్పుడు వేసింది ఆంటీ?"

అప్పుడు చెప్పేశాను. మెయిల్ సంగతి, తనంతట తానే తప్పుకుందని రాసిన అబద్ధం, అన్నీ. తల ఎత్తలేకపోయాను.

మేఘన లోపలికెళ్ళి వసంత ఫోన్ తెచ్చింది. "ఆంటీ, మామ్‌కి తెలుసు. యూ హిట్ రిప్లై ఆల్."

మా ల్యాబ్‌లో అందరికీ వెళ్ళేలా జవాబివ్వడమే పద్ధతి, తర్వాత ఎవరూ నాకు తెలీదనకుండా. వేలికి అలవాటైపోయింది. ఇద్దరి పేర్లున్న ఆ మెయిల్‌కి కూడా అలాగే కొట్టాను. నేను వసంతకి చెప్పలేక చచ్చిపోతున్న మాట అదే నిమిషంలో ఆమె ఫోన్‌లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు నెలలు నేను ఆ మంచం పక్కన కూర్చుని, "డాక్టర్లు ఏమన్నారే?" అంటూ నాటకమాడాను. ఆమె నా నాటకం చూస్తూ ఉంది.

"కోప్పడిందా?" అన్నాను.

"ఒకరోజంతా ఏడ్చింది" అంది మేఘన ఇంగ్లీషులో. నాకు నచ్చేలా మార్చి చెప్పలేదు, మంచి పిల్ల. తర్వాత వాళ్ళమ్మ అన్న మాటని మాత్రం తెలుగులోనే, అచ్చం ఆ యాసలోనే చెప్పింది. "'దాన్ని పోనియ్యే. నాకు తెలుసని చెప్తె ఆగిపోతది, మొండిది. నేను ఎనుక ఎట్లన్న వస్త' అంది."

ఆ వారమే వసంత మిల్లుకి తన ఫోన్ నుంచి ఇంకో మెయిల్ పంపింది. అది కూడా చూశాను. "నేను కొంచెం ఆలస్యంగా వస్తాను, నా మంచం ఉంచండి" అని రెండు వాక్యాలు. లూర్దెస్ రెండు దుప్పట్లకీ రెండు కప్పులకీ కారణం దొరికింది. ఒకటైనా తేలిందని అర నిమిషం ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత చూపు గుడ్డ మీద పడింది.

ఆ పిల్లని పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో తెలీదు. వసంతకి చెప్పాల్సిన క్షమాపణ ఆమె కూతురికి చెప్పాను. ఒకళ్ళకి చెప్పాల్సింది ఇంకొకళ్ళకి చెబితే చెల్లుతుందా? నాకు తెలీదు.

ఆ గీతలు ఎలా వచ్చాయో ఇప్పటికీ చెప్పలేను. ఫొటో ఉంది, టేపు ఉంది, సీసా ఉంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి, రిజల్ట్ ఒక్కటే కుదరదు. శాంపిల్ మళ్ళీ నడిపి చూడ్డానికీ లేదు. నేనే నిద్రలోనో దుఃఖంలోనో వేశానేమో అని ఎడమచేత్తో గీసి చూశాను. కోడి గీకినట్టు వచ్చింది.

మిగిలిన తొంభై అయిదు ఆకులూ ఖాళీగా ఉన్నాయి. వాటి జోలికి నేను పోను. శనివారం మధ్యాహ్నం షట్టర్ ఎత్తి, గుడ్డ పరిచి, లూర్దెస్ లాగా రెండు కప్పులు పెడతాను. తర్వాత లోపలికెళ్ళి వంట చూసుకుంటాను.

సీసాకి టేపు వేయడం మానేశాను. మూత కూడా వదులుగానే పెడుతున్నాను.