ఓదెమ్మ లైసెన్సు

జనగామలో రఘునాథ్ సేటు సినిమా హాలు ఊడ్చే సాలమ్మకు ఓదెమ్మ ఒక్కతే కూతురు. ఏడేళ్లప్పుడు వచ్చిన జ్వరానికి ఆ పిల్ల రెండు చెవులూ పోయాయి. అప్పటికే మాటలు వచ్చి ఉండడంతో మాట నిలిచింది గానీ, తన గొంతు తనకే వినపడక గట్టిగా మాట్లాడేది. ఎదుటివాళ్లు ఏమంటున్నారో పెదవులు చూసి పట్టుకునేది. బడి మానేసి తల్లి వెంట హాలుకొచ్చే పిల్లను ఆపరేటర్ గోవర్ధన్ మిషన్ గదిలోకి రానిచ్చాడు. ఆడిన రీళ్లను వెనక్కి చుట్టడం, తెగిన ఫిల్మును అతికించడం ఆమె పని. మిగతాదంతా ఆమె చూస్తూ చూస్తూ నేర్చుకుంది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం ఊళ్లన్నీ లేచాయి. బందులతో హాలు మూతపడింది. ఊరేగింపుకు వెళ్లిన గోవర్ధన్ జైలు పాలయ్యాడు. కొన్ని వారాల తర్వాత సేటు హాలు తెరిచాడు. జనం వచ్చి కూర్చున్నారు, కాజీపేట నుంచి వస్తానన్న ఆపరేటర్ మాత్రం రాలేదు.

పదహారేళ్ల ఓదెమ్మ సేటు ముందుకొచ్చి నిలబడింది. "నేను నడుపుత."

"నీకు ఇనపడదు గదనే," అన్నాడు సేటు, చెవి చూపిస్తూ.

"ఇనేది కింద కూసున్నోళ్లు. నడిపేదానికి కండ్లు గావాలె."

సేటుకు వేరే దారి లేకపోయింది. ఆమె అన్నదీ నిజమే. మిషన్‌లో వెలుగునిచ్చే రెండు కార్బన్ పుల్లలు కాలి తరుగుతున్నకొద్దీ చూసి దగ్గరికి జరపాలి. రీలు అయిపోయే ముందు తెర పైమూలన ఒక చుక్క మెరుస్తుంది, అది చూసి రెండో మిషన్ మొదలుపెట్టాలి. అన్నీ కంటితో చేసే పనులే.

ఆట సగంలో ఉండగా ఓదెమ్మ చిన్న కిటికీలోంచి కిందికి చూస్తే, హాల్లోని తలలన్నీ వెనక్కి తిరిగి తనవైపే చూస్తున్నాయి. బొమ్మ బాగానే ఉంది. ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత వంగి చూస్తే, మిషన్‌లో ధ్వనికి సంబంధించిన చిన్న బల్బు ఆరిపోయి ఉంది. మార్చింది. తలలన్నీ మళ్లీ తెర వైపు తిరిగాయి.

జైలు నుంచి వచ్చిన గోవర్ధన్ ఆమె చేసిందంతా విన్నాడు. తర్వాత ఆమె ఎదురుగా కూర్చుని నిదానంగా చెప్పాడు. "మంచిగనే చేసినవ్. గానీ లైసెన్సు లేకుంట మిషన్ ముట్టొద్దు. పద్దెనిమిది నిండనీ, నేనే దరఖాస్తు రాస్త."

పద్దెనిమిది నిండగానే రాశాడు కూడా. ఇద్దరూ పొద్దుటి ప్యాసింజరులో వరంగల్ వెళ్లారు. లైసెన్సులిచ్చే దఫ్తర్‌లో అధికారి కాగితం చూసి, మొహం గోవర్ధన్ వైపు తిప్పుకుని ఏదో అన్నాడు.

"ఇటు తిరిగి మాట్లాడుండ్రి సారూ. దరఖాస్తు నాది," అంది ఓదెమ్మ.

అధికారి తిరగలేదు. గోవర్ధనే చెప్పాడు. "చెవిటోళ్లకు ఇయ్యరంట."

"ఏ రూల్ల ఉన్నదో రాసియ్యమను."

అధికారి నవ్వి లోపలికి వెళ్లిపోయాడు. మర్నాడు ఓదెమ్మ ఒక్కతే వచ్చి ఆయన గది ముందు బెంచీ మీద కూర్చుంది. ఆ మర్నాడూ అంతే. గుమాస్తాలు ఆమె గొంతును అనుకరించి నవ్వుకోవడం గమనించింది. "మీరు నవ్వేది నాకు ఇనపడదు. ఉత్తగ నోరు నొప్పి," అంది. వాళ్లు తలలు వంచుకున్నారు.

ఐదో రోజు అధికారి ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. ఈసారి మొహంలోకి చూస్తూనే మాట్లాడాడు.

"పరీక్ష పెడతాను. తప్పితే మళ్లీ ఈ గడప తొక్కకూడదు."

"తప్పకపోతే?"

ఆయన గుమాస్తాను పిలిచి పరీక్ష తేదీ రాయించాడు.

పరీక్ష హన్మకొండలోని ఒక హాల్లో పెట్టారు. ఖాళీ హాలు. వెనక్కి తిరిగి చూడడానికి కింద ఒక్క తల లేదు. ఓదెమ్మ రీలు ఎక్కించి, ఎడమచేతిని గది గోడకున్న స్పీకర్ పెట్టె మీద ఆనించి పెట్టుకుంది. పెట్టె సన్నగా అదురుతోంది. ఆమె కార్బన్లు సరిచేస్తుంటే, అధికారి మెల్లగా ఆమె వెనక చేరి మిషన్‌లోని ఆ ధ్వని బల్బును ఊడదీశాడు. పెట్టె అదరడం ఆగిపోయింది. ఆమె తిరిగి చూసి, ఆయన చేతిలోంచి బల్బు తీసుకుని బిగించింది.

"అది మస్తు కాలుతది సారూ. ఇంకోసారి గుడ్డతోని పట్టుకోండ్రి."

ఆయన వేళ్లు ఊదుకుంటూ బయటికి వెళ్లాడు. నెల తిరక్కుండానే లైసెన్సు వచ్చింది.

సేటు సంతోషించాడు, కానీ దాన్ని బల్ల సొరుగులో పెట్టాడు. ఆడపిల్ల, అందులోనూ చెవిటిది మిషన్ నడుపుతోందని తెలిస్తే జనం రారని ఆయన భయం. గోడకు గోవర్ధన్ లైసెన్సు ఒక్కటే వేలాడుతోంది. ఓదెమ్మ సొరుగు తెరిచి తనది తీసుకుంది. అద్దం కట్టించి, టికెట్ల కిటికీ పక్కన తానే మేకు కొట్టింది.

"సేటుకు కోపమొస్తది బిడ్డా," అంది సాలమ్మ.

"రానీ అవ్వా."

సేటు రానే వచ్చాడు. "తీసెయ్యి," అన్నాడు.

"తీసుడైతే మీరే తీయిండ్రి. రేపటి సంది నేను రాను. గోవర్ధనన్నను గూడ అడుగుండ్రి, వస్తడో రాడో."

గోవర్ధన్ నేలచూపులు చూశాడు. తర్వాత రానన్నట్టు తల అడ్డంగా ఊపాడు. సేటు ఆ అద్దాన్ని ముట్టకుండానే లోపలికి వెళ్లిపోయాడు. ఆ వారం ఇద్దరు ముగ్గురు దాన్ని చదివి వెనుదిరిగారు. మిగతావాళ్లు టికెట్లు కొన్నారు.

పదేళ్లు గడిచాయి. గోవర్ధన్ చూపు మందగించి పని మానుకున్నాడు. మిషన్ గది పూర్తిగా ఓదెమ్మదైంది. ములుగు దగ్గరి ఘనపూర్‌లో డేరా సినిమా ఆపరేటర్ మంచం పడితే ఆమెకే కబురొచ్చింది. రెండు బస్సులు మారి వెళ్లింది. మిషన్ మీది నూనె తుడుస్తుంటే ఒకాయన లోపలికి తొంగిచూశాడు.

"చెవిటి ఆపరేటర్‌వు నువ్వేనా?"

ఓదెమ్మ ఆయన పెదవుల వంక చూసింది. "ఆపరేటర్‌ను నేనే. టికెట్ తీసుకున్నవా?"

తీసుకోలేదు. వెళ్లి తీసుకొచ్చుకున్నాడు. ఆట వేళకే మొదలైంది.