శనగలు తిన్న ఎలుకలు

నిన్న చిక్కడపల్లిలో రక్తపరీక్షకు వెళ్తే, సూది పట్టుకున్న అమ్మాయి "ఖాళీ కడుపే కదా మేడమ్? ఏం తినలే కదా?" అని రెండుసార్లు అడిగింది. నా లివర్ ఎంజైములు చూడాలట. నాకు నవ్వాగలేదు. ఒకప్పుడు ఇదే ప్రశ్న ఎలుకల విషయంలో అడగక పీకల మీదికి తెచ్చుకున్నదాన్ని నేను.

అప్పట్లో నారాయణగూడ కాలేజీలో పీహెచ్‌డీ చేస్తూ అశోక్‌నగర్‌లో కిరాయి గదిలో ఉండేదాన్ని. ఒంట్లో కణితి పెరిగేకొద్దీ తెల్ల చిట్టెలుకల కాలేయంలో ఎంజైములు ఎలా మారతాయి, క్రోమోజోములు ఎంతగా విరుగుతాయి అన్నది నా పరిశోధన. ఎలుకల గది చూసే పెద్దాయన ముషీరాబాద్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. అందరం తాత అనేవాళ్లం. బోనులు కడుగుతూ ప్రతి ఎలుకనూ పేరుపెట్టి పలకరించేవాడు. నాకు మాత్రం పేరే లేనట్టు ఎప్పుడూ "బిడ్డా" అనేవాడు.

ఏడాది చివర ఫలితాలు లెక్కగట్టాను. మైక్రోస్కోపు కింద క్రోమోజోములు అనుకున్నట్టే విరిగి ఉన్నాయి గానీ, ఎంజైముల అంకెలకు బోనుకూ బోనుకూ పొంతన లేదు. థీసిస్ గడువు ముంచుకొస్తోంది. మేతలో తేడా ఉంటేనే ఎంజైములు ఇలా తారుమారవుతాయి. ఏం పెడుతున్నావని వెళ్లి తాతను నిలదీశాను.

"గడ్డలొచ్చి మూలకు ముడుచుకుంటున్నయ్ బిడ్డా. గా ఎండు మేత బిళ్లలు ఏం తింటయ్? జర నానబెట్టిన శనగలు పెట్టిన. మస్తు నీరసంగ ఉన్నదానికి ఇంకో రెండు ఎక్కువ" అన్నాడు, అదేదో ఘనకార్యమైనట్టు.

"నా ఏడాదంతా నాశనం చేశావు తాతా! ఇప్పుడు మళ్లీ ఇంకో నలభై ఎలుకలకు గడ్డలు తెప్పించాలి, తెలుసా?" అని అరిచాను. ఏడాది పోయిందన్నప్పుడు కదలని మనిషి, నలభై అనగానే స్టూలు మీద కూలబడిపోయాడు.

మేత మార్చిందెవరని గైడ్ గారు అడిగారు. తాత పేరు చెబితే ఉద్యోగం ఊడుతుంది. "నేనేనండీ" అన్నాను. చివాట్లు తిని, గడువు పెంచమని బతిమాలుకుని, పనంతా మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను.

రెండోసారి తాత వాటికి ఒక్క గింజ వేయలేదు. కానీ శనగలు నానబెట్టడం మాత్రం మానలేదు. పొద్దున్నే ఏమీ తినకుండా నేను పరుగెత్తుకొస్తే గిన్నె నా ముందుకు తోసేవాడు.

"గవాటికి వద్దన్నవ్ గద. నువ్వు తింటే కూడ లెక్కలు ఖరాబైతయా ఏంది? ముందు తిను."

థీసిస్ పూర్తయ్యేదాకా నా టిఫిన్ అదే.

నిన్న సూది దిగుతుంటే ఆయన గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పనుకుని ఆ అమ్మాయి సారీ చెప్పింది. తాత పోయి చాలా ఏళ్లయింది. వయసు మీదపడే కొద్దీ ఖాళీ కడుపుతో రమ్మనేవాళ్లు ఎక్కువవుతున్నారు, ముందు తిను అనేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.