ఆ పేరుకు పలికినవాళ్లు

కాలేజీ వాళ్లతో బొలీవియా వెళ్లివచ్చిన మా మనవరాలు మొన్న చాండ్లర్‌లోని మా ఇంట్లో సోఫాలో నా పక్కన చేరి, అక్కడి చర్చి ఫోటో ఒకటి ఫోన్‌లో చూపిస్తూ, “లుక్ అమ్మమ్మా, ఆల్టర్ మొత్తం సిల్వర్. బ్యూటిఫుల్ కదా?” అంది. అందంగానే ఉంది. కానీ అలాంటి వెండి తవ్వినవాళ్లు ఏమైపోయారో నాకు చెప్పిన మనిషి గుర్తొచ్చింది.

నేను నర్సుగా ఈ దేశం వచ్చిన కొత్తలో వృద్ధాశ్రమంలో నాతో పనిచేసిన బొలీవియా ఆవిడ ఆమె. నాకన్నా బాగా పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. ఆ మాట ఆమెకు నచ్చి, నన్ను చెల్లీ అనడం నేర్చుకుంది. నాకు కారు లేని ఆ రోజుల్లో ఆదివారాలు తన కార్లో స్పానిష్ పూజకు తీసుకెళ్లేది, చర్చి ఎంత ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరి చివరి బల్లమీదే కూర్చునేది. ఎందుకని అడిగితే, గని కూలీలైన మా తాతలు అక్కడే నిలబడేవాళ్లు, ఆ అలవాటు పోలేదు, అంది. వాళ్ల ఊరి కొండలో తరతరాలుగా తవ్విన వెండి ఓడలెక్కి పోగా, మిగిలిన కాస్తా బలిపీఠానికి తాపడమైందట. తవ్వినవాళ్లకు దక్కింది దగ్గు. యజమానికి లోబడి ఉంటే పరలోకం దొరుకుతుందని ఫాదర్లు చెప్పేవారట. జ్ఞానస్నానం పొందాక కూడా మా నాయనమ్మ చర్చిలో వెనక చాపమీదే కూర్చోవలసి వచ్చేదని నేను చెప్పినప్పుడు, ఆమె నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ ఫాదర్ల తర్వాత వాళ్ల ఊరికి వయసులో చిన్నవాడైన ఒక ఫాదర్ వచ్చి, గని కూలీల వంటగదుల్లోనే పూజ చేస్తూ, మీరు ఆ కొండలో చావాలని దేవుడు కోరుకోడు అనేవాడట. ఆయన వెంట నిలబడి కూలి పెంచమన్న ఆమె తమ్ముణ్ణి సైనికులు పట్టుకుపోయారు, ఫాదర్‌ను దేశం దాటించారు. తమ్ముడు తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు.

“మా నాన్న నోరు మూయించిందీ చర్చే, మా తమ్ముడి పక్కన నిలబడిందీ చర్చే. వదిలిపోలేను, ముందుకెళ్లి కూర్చోనూ లేను,” అనేది.

మంచం పట్టాక నన్ను ఒక్కటే అడిగింది. “నా అంత్యక్రియల పూజలో మా తమ్ముడి పేరు కూడా చెప్పించు చెల్లీ. వాడికి పూజ జరగలేదు.”

అప్పటి ఫాదర్‌గారు మంచివారే గానీ, రాజకీయాలు ఇక్కడికెందుకమ్మా అని తప్పించుకున్నారు. అంత్యక్రియల రోజు ప్రార్థనలు చదవడానికి నన్ను నిలబెడితే, చివర్న ఆ పేరు పలికాను. అంతలో వెనక బల్లల్లోంచి, ఇళ్లు తుడిచే ఆడవాళ్లు, తోటపని చేసే మగవాళ్లు, గ్వాటెమాల వాళ్లు, పెరూ వాళ్లు, అతణ్ణి ఎన్నడూ చూడనివాళ్లు, ఒక్క గొంతుతో “ప్రెసెంతే” అన్నారు. ఉన్నాడు, అని. వాళ్ల దేశాల్లో అలా మాయమైనవాళ్ల పేరు వినిపిస్తే అలాగే పలుకుతారట. ఫాదర్‌గారు తల వంచుకున్నారు.

అప్పటినుంచి ఏటా సమాధుల పండుగనాడు, చనిపోయినవాళ్ల పేర్లు చదివేటప్పుడు, ఆ పేరు నేనే చదువుతున్నాను. ఇప్పుడు మా చర్చికి గుంటూరు వైపు నుంచి వచ్చిన ఫాదర్‌గారున్నారు, ఎవరెక్కడ కూర్చున్నా అడిగేవాళ్లు లేరు, ఆ వెనక బల్లలవాళ్ల మనవలు ముందు నిలబడి గిటార్లు వాయిస్తూ ఇంగ్లీషులో పాడుతున్నారు. చూస్తే సంతోషమే. కానీ ఆనాడు పలికినవాళ్లలో కొందరు పోయారు, కొందరు పనులు వెతుక్కుంటూ వెళ్లిపోయారు, కొందరిని ఈ దేశమే వెనక్కి పంపింది. పోయిన ఏడు ఆ పేరు చదివి ఎంతసేపు ఆగినా ఎవరూ పలకలేదు. పిల్లలు నేను తర్వాతి పంక్తి మరిచిపోయాననుకుని, జాలిగా చూస్తూ నిలబడ్డారు.