పీర్ల పండగ పుట్టినరోజు

మా భాయ్‌సాబ్ ఇక లేరు. పీర్ల పండగకు ముందురోజు పోయారని, పండగ వెళ్ళిన మర్నాడు కడప నుంచి వాళ్ళబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు.

తొంభైల మొదట్లో మస్కట్‌లో నాకు ప్రోగ్రాములు రాయడం నేర్పిన మనిషి ఆయన. మనుషుల్ని పనికి పంపే కంపెనీ మాది. నా టీ గ్లాసు కీబోర్డు పక్కన కనిపిస్తే కసిరేవారు. తన గ్లాసు మాత్రం ఏకంగా మానిటర్ మీదే! అడిగితే, "నాది అలవాటైన గ్లాసు బేటీ, పడదు" అనేవారు.

ఒకరోజు, వయసు దాటిందని ఊరికి పంపాల్సినవాళ్ళ జాబితా మెషీన్ నుంచి వచ్చింది. అందులో మా ఆఫీసు ఊడ్చే అక్క పేరుంది! కడప జిల్లా మనిషి, నిండా నలభై లేవు. కంప్యూటర్ మాత్రం తొంభై దాటాయంది. ఆమె పాస్‌పోర్టులో పుట్టిన ఏడే ఉంది, తారీఖు లేదు. అందుకని ఎవరో పుట్టినతేదీ గడి మొత్తం, ఏడుతో సహా, ఖాళీగా వదిలేశారు. ఖాళీని మా ప్రోగ్రామ్ సున్నా అనుకుని శతాబ్దం మొదటికి లాక్కుపోయింది.

అక్క గుమ్మంలోనే నిలబడి ఒకటే ఏడుపు. "నేను పోతే పిల్లోళ్ళ సదువు గంగలో కలిసినట్టేన్నా!"

"జనవరి ఒకటి వేసేయండి, ఖలాస్" అన్నాడు మేనేజరు.

భాయ్‌సాబ్ ఒప్పుకోలేదు. "పాస్‌పోర్టులో లేని తారీఖు మనం పుట్టిస్తే రేపు వీసా కాడ ఆమెనే ఆపుతారు సాబ్." నా వైపు తిరిగి, "తెలీనిది తెలీదనే రాయాల బేటీ. మెషీన్‌కు ఖాళీ అంటే భయం. మనకేం భయం?" అన్నారు. ఏడు వేరుగా, నెలా రోజూ వేరుగా విడగొట్టి, ఏడును బట్టే వయసు లెక్కకట్టేలా మార్చాం. జాబితాలోంచి అక్క పేరు పోయింది.

ఆమె కళ్ళు తుడుచుకుంటూ, "తారీఖు తెలీదు గానీ, పీర్లు ఏటికి పొయ్యే దినం పుట్నానంటన్నా" అంది.

"అట్ల చెప్పు మరి! మొహర్రం పది!" ఆయన ముఖం వెలిగిపోయింది. హిజ్రీ తేదీని ఇంగ్లీషు తేదీగా మార్చే ప్రోగ్రామ్ అక్కడి కాగితాల కోసం మా దగ్గర ఉండనే ఉంది. మీట నొక్కితే తారీఖు వచ్చింది. "ఒకరోజు అటూ ఇటూమ్మా. ఆ ఏడు నెలవంక మనూళ్ళో ఎప్పుడు కనపడిందో!" రికార్డులోకి ఎక్కించలేదు, ఆమెకు మాత్రం చెప్పారు. అక్క ఆ తారీఖును నోట్లో తిప్పుకుంటూ మురిసిపోయింది.

"నీదెప్పుడన్నా?"

"బళ్ళో అయ్యోరు జులై ఒకటి ఏసినాడు. నిజం మాయమ్మకు తెలుసు, ఆమె లేదు."

"అయితే నా దాంట్లో సగం నీదే, తీస్కో."

అప్పట్నుంచీ ప్రతి పీర్ల పండగకూ రొట్టె, బెల్లం కలిపి రెండు మలీద ముద్దలు చేసేది. ఒకటి తనకు, ఒకటి ఆయనకు. ఇద్దరూ ఊరు చేరాక కూడా మానలేదట.

"ఆమెకు కబురు అందలేదు ఆంటీ" అన్నాడు వాళ్ళబ్బాయి. "నిన్న పండగకు రెండు ముద్దలూ మూట కట్టుకోని నవ్వుకుంటా వచ్చింది. ఇంట్లో జనాన్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. పొద్దుగూకినా ఆ మూట విప్పలేదు."