మా అమ్మకు పడని మూడు వజ్రాలు

ఆ రోజుల్లో అంటే మరీ రాతియుగమేమీ కాదు, ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను కాన్‌బెర్రాలో, గంగాలిన్ అనే శివారులో ఒక రెండు గదుల ఫ్లాట్‌లో ఉండేవాణ్ణి. ఒక ప్రభుత్వ శాఖలో ఐటీ కాంట్రాక్టరుని. నా ఉద్యోగం ఉందో ఊడిందో ఆరు నెలలకోసారి ఈమెయిల్లో తెలిసేది. తల నిండా జుట్టుండేది, గుండెలో ధైర్యం బొత్తిగా ఉండేది కాదు. ఇప్పుడు రెండూ తారుమారయ్యాయని చెప్పుకోవాలని ఉంది గాని, జుట్టు సంగతి మాత్రమే నిజం. ఇంకో గొప్ప గుణం కూడా ఉండేది నాలో. ఏ పనైనా నలుగురినీ అడగందే చేసేవాణ్ణి కాదు. రైస్ కుక్కర్ కొనడానికి వాట్సాప్ గ్రూపులో ఓటింగు పెట్టాను. (మూడు లీటర్లది గెలిచింది. తినేవాణ్ణి నేనొక్కణ్ణే.) దీన్ని నేను వినయం అనుకునేవాణ్ణి. ఒక అమ్మాయి అలా అనుకోలేదు.

ఆ అమ్మాయి అక్కడి ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు. ఎనిమిదో ఏట మెల్‌బోర్న్ వచ్చి పాయింట్ కుక్‌లో పెరిగింది. తెలుగు చక్కగానే మాట్లాడేది గాని, కోపం వస్తే ఇంగ్లీషులోకి దిగేది. ఏడాదిగా కలిసి తిరుగుతున్నాం, ఆమె అంటే నాకు ప్రాణం. ఒక ఆదివారం కారేసుకుని, రెండున్నర గంటల దూరంలోని హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్ళాం. దర్శనమయ్యాక క్యాంటీన్ వరసలో నిలబడి, దోసె తినాలా పులిహోర తినాలా తేలక నేను తెనాలిలో ఉన్న మా అమ్మకు ఫోన్ చేశాను. "నిన్నటి నుంచీ దగ్గుతున్నావు, పెరుగన్నం తిను నాన్నా" అంది అమ్మ. ఆ పెరుగన్నం ముందు కూర్చున్నప్పుడే ఆ అమ్మాయి చెప్పేసింది.

"లుక్, నాకు మెల్‌బోర్న్‌లో జాబ్ వచ్చింది. మంత్ ఎండ్‌కి ఆన్సర్ చెప్పాలి. ఈలోగా నువ్వు ఒక్క డెసిషన్, జస్ట్ వన్, ఓన్‌గా తీసుకుంటే చూడాలని ఉంది. లేకపోతే ఐ యామ్ గోయింగ్."

ఆమె వెళ్ళిపోతే ఆ ఊళ్ళో నాకు మిగిలేది మూడు లీటర్ల కుక్కరే. అప్పటికప్పుడు మనసులో ఖాయం చేసుకున్నాను: వజ్రపుటుంగరం కొంటాను, నెలాఖరులోగా మోకాలి మీద కూర్చుని అడుగుతాను. జీవితంలో ఎవరినీ అడక్కుండా నేను తీసుకున్న మొదటి నిర్ణయం అది. సాయంత్రానికల్లా ఇద్దరికి చెప్పేశాను.

ఒకరు మా అమ్మ. రెండోవారు మా వీధిలోనే ఉండే రిటర్న్ అంకుల్. కరీంనగర్ నుంచి వచ్చి పాతికేళ్ళయిన పెద్దమనిషి. ఆయన ఇంట్లో ఏ వస్తువూ ముప్పై రోజులు దాటి ఉండేది కాదు. టెంటు కొని, వాళ్ళ అబ్బాయి స్కూలు క్యాంపు అవగానే ఇసుక దులిపి తిరిగిచ్చేసే రకం. నా బడ్జెట్ నాలుగు వేల డాలర్లని వినగానే ఆయన నన్ను జాలిగా చూశాడు. "అరే, రాయి సంగతి తర్వాత చూస్కో. ముందుగాల రిటర్న్ పాలసీ చూడు. ముప్పై దినాలున్న దుకాణం నాకెర్కే. తీస్కో, నచ్చకపోతే ఇచ్చెయ్. ఏం పోతది?" అన్నాడు. పెళ్ళికి ఇంతకంటే పనికొచ్చే సలహా నాకు ఇంకెవరూ ఇవ్వలేదని అప్పుడు అనుకున్నాను.

సిటీలో ఒక మాల్‌లో ఉంది ఆ దుకాణం. నడిపే ఆవిడకు అరవై దాటి ఉంటాయి, కళ్ళద్దాలు గొలుసుతో మెడలో వేలాడుతుండేవి. (ఆవిడ మాటలన్నీ ఇంగ్లీషే, తెలుగు నాది.) బరువు, రంగు, స్వచ్ఛత, కోత అని రాయి గురించి ఓపిగ్గా పాఠం చెప్పింది. నా డబ్బుకి గనిలో దొరికిన రాయి అయితే కందిబద్దంత వస్తుందట, ల్యాబ్‌లో తయారైనదైతే శనగగింజంత. ఇదే మాట అమ్మతో అంటే, "ల్యాబ్‌లోనా? అమ్మా అబ్బా లేని రాయిరా అది!" అని కొట్టిపారేసింది. గనిలో రాయికి మాత్రం ఎవరున్నారో నేను అడగలేదు. పైగా, లోపల కాకిపాదంలా గీత ఉంటే వంశనాశనమని, భూతద్దంతో చూడమని చెప్పింది. నేను ముప్పావుగంట సేపు ఉంగరాల మీద వంగి ఉంటే, ఏం వెతుకుతున్నావని అడిగింది దుకాణం ఆవిడ. "పక్షి పాదం" అన్నాను. ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

చివరికి కందిబద్దనే కొన్నాను. అసలు కథ అప్పుడు మొదలైంది. "వజ్రం అందరికీ పడదు నాన్నా. మీ తాతమ్మ వజ్రాల దుద్దులు కొన్న వారానికే పాడిగేదె పోయింది. మూడు రోజులు దేవుడి పటం ముందు పెట్టి చూడు. ఏ చెడూ జరక్కపోతేనే ఆ పిల్లకివ్వు" అంది అమ్మ. మూడు రోజులేగా అనుకున్నాను. రెండో రోజు కారుకి పార్కింగ్ జరిమానా పడింది. అది అమ్మకు చెప్పకుండా ఉండొచ్చు, కానీ అలా ఉండగలిగితే ఈ కథే లేదు. "వెంటనే తిరిగిచ్చెయ్" అంది అమ్మ.

ఉంగరం డబ్బాతో నన్ను చూడగానే దుకాణం ఆవిడ మొహం వాడిపోయింది. "అయ్యో బాబూ, కాదందా?" అని చెయ్యి పట్టుకుంది. తాతమ్మ గేదె దగ్గర్నుంచీ చెప్పుకురావాలంటే నాకు నోరు రాలేదు. తలూపాను.

రెండో ఉంగరం తెచ్చిన మర్నాడు తెనాలిలో అమ్మ మిక్సీ కాలిపోయింది. కాన్‌బెర్రాలో వజ్రానికీ తెనాలిలో మిక్సీకీ ఏమిటమ్మా సంబంధమంటే, "నువ్వు నా కొడుకువి కాదూ?" అని ఏడ్చినంత పని చేసింది. మళ్ళీ దుకాణానికి వెళ్ళాను. "అదే అమ్మాయా?" అంది ఆవిడ. అదే అన్నాను. మూడో ఉంగరం దేవుడి ముందుండగా నా కాంట్రాక్టు పొడిగింపు వాయిదా పడిందని మెయిలొచ్చింది. ఈసారి ఆవిడ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి టీ, బిస్కెట్లు ఇచ్చింది. "ఇంకా పెద్ద రాయి కావాలంటోందా ఆ పిల్ల?" అని అడిగింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, దానికి కూడా తలూపాను. పైగా రెండో బిస్కెట్ తీసుకున్నాను.

ఆ శనివారం ఆ అమ్మాయి బూట్లు కొనుక్కోవాలని అదే మాల్‌కి తీసుకెళ్ళింది. నేను దుకాణం వైపు చూడకుండా గబగబా నడుస్తున్నాను. వెనకనుంచి పిలుపు వినిపించింది. కళ్ళద్దాలావిడ గుమ్మం దాటి బయటికి వచ్చేసింది, ఆ అమ్మాయిని ఎగాదిగా చూసింది.

"నువ్వేనా? మూడుసార్లు ఉంగరం వెనక్కి పంపావు. వీడి మొహం చూశావా ఎప్పుడైనా? రాయి చిన్నదైతే మనిషి చిన్నవాడైపోతాడా?"

ఆ అమ్మాయి నావైపు తిరిగింది. జనం ఆగి చూస్తున్నారు. ఇంకోసారి తలూపితే ఆమె నాకు శాశ్వతంగా దక్కదని ఆ క్షణంలో తెలిసిపోయింది. "ఈమె ఎప్పుడూ కాదనలేదు. నేను అసలు అడగనే లేదు" అన్నాను. గేదె, మిక్సీ, జరిమానా, అన్నీ అక్కడే నిలబడి రెండు భాషల్లో చెప్పుకున్నాను. దుకాణం ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నా బిస్కెట్లు తలచుకుని ఉంటుంది.

"హౌ మెనీ పీపుల్ నో?" అంది ఆ అమ్మాయి.

"అమ్మ, అంకుల్. అంకుల్‌కి తెలిస్తే ఆంటీకి తెలుస్తుంది. ఆంటీకి తెలిస్తే..."

"సో నేను తప్ప మొత్తం కాన్‌బెర్రా. ఫైన్. మీ అమ్మగారు స్టోన్‌ని మూడు రోజులు చూశారు కదా, ఇప్పుడు నేను నిన్ను మూడు రోజులు చూస్తా. నాకు పడతావో లేదో. ఎవరికీ కాల్ చెయ్యకూడదు. మంగళవారం ఒక క్వశ్చన్ అడుగుతా, ఆన్ ద స్పాట్ ఆన్సర్ చెప్పాలి."

ఆ మూడు రోజులు నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. ఏ చొక్కా వేసుకోవాలో తేలక సోమవారం ఆఫీసుకి గంట ఆలస్యంగా వెళ్ళాను. పడకుండా పోతానేమోనని తిండి సహించలేదు. మంగళవారం పొద్దున కాంట్రాక్టు పొడిగించారని మెయిలొచ్చింది. మధ్యాహ్నం ట్రామ్ స్టాపులో ఉండగా ఆమె ఫోన్ చేసింది.

"మెల్‌బోర్న్ జాబ్ తీసుకుంటున్నా. వస్తావా?"

"వస్తా" అన్నాను. ట్రామ్ వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, వెళ్ళిపోయింది.

"ఎవరిని అడిగావ్?"

"ఎవర్నీ అడగలేదు."

"అయితే ఆ ఫస్ట్ రింగ్ తీసుకురా. పార్కింగ్ ఫైన్ దాని ఫాల్ట్ కాదు, నువ్వు బోర్డు చదవలేదు." ఆమె గొంతు వణికిందని నేనిప్పటికీ అంటాను. సిగ్నల్ బాగోలేదని ఆమె అంటుంది.

రాత్రి అమ్మకు చెప్పాను. "మరి ఈ మూడు రోజుల్లో ఏమీ జరగలేదా నాన్నా?" అంది. "ఉన్న ఉద్యోగం వదిలేస్తున్నాను, ఊరు మారుతున్నాను, పెళ్ళి చేసుకుంటున్నాను" అన్నాను. "కొత్త మిక్సీ బాగానే తిరుగుతోందిలే" అంది అమ్మ.

ఇప్పుడు పాయింట్ కుక్‌లో ఉంటున్నాం. బియ్యం కడిగేటప్పుడు మా ఆవిడ ఆ కందిబద్దను తీసి కిటికీ గట్టు మీద పెడుతుంది. వాషింగ్ మెషీన్ పొంగినా, నేను పాలు తేవడం మరిచిపోయినా, దానివైపు చూసి, "పడలేదేమో, రిటర్న్ చేద్దామా?" అంటుంది. అడిగేది ఉంగరం గురించో నా గురించో నాకు ఇంతవరకూ తెలియదు. అలాంటప్పుడు క్యాంటీన్ వరసలో ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ముప్పై రోజుల గడువు ఎప్పుడో దాటిపోయిందిలే అని వాడికి ధైర్యం చెప్పి, పాలు తేవడానికి బయల్దేరతాను.