చమ్మగింజలూ, నేను కడిగేసిన లోహమూ

చమ్మగింజలు ఇవ్వడంలో మా మేనత్తకు ఒక పద్ధతి ఉంది. ఎవరికీ లెక్కపెట్టి ఇవ్వరు. డబ్బాలో చెయ్యి పెడితే గుప్పిట్లోకి ఎన్ని వస్తే అన్ని. పుచ్చుకున్నవాళ్లు మాట వరసకైనా కృతజ్ఞత చెప్పకూడదు. కాపు మొదలయ్యాక తొలి కోతలోంచి నాలుగు లేత కాయలు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లాలి. ఐనవిల్లి దారిలో ఉన్న ఆ ఊళ్లో ఏ పెరట్లో చమ్మకాయ పాదు పాకినా అది ఆవిడ గుప్పిట్లోంచి వెళ్లినదే. కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనమది. నలభై ఏళ్లకు పైగా ఏటా ఎంచి, ఎండబెట్టి, వేపాకు వేసి దాచిన విత్తనం.

నేను అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతాను. చక్కెరను పట్టుకునే ప్రోటీన్లను లెక్టిన్లంటారు. చమ్మగింజలో ఉండే లెక్టిన్ గ్లూకోజును, దానికి దగ్గరి చక్కెరలను పట్టుకుంటుంది. దాన్ని విద్యార్థుల చేత తీయించి చూపించాలని నాకు చాలాకాలంగా కోరిక. పరీక్ష కూడా కంటికి కనిపించేదే. గ్లైకోజెన్ అంటే గ్లూకోజు గొలుసులు కొమ్మలు కొమ్మలుగా అల్లుకున్న పదార్థం. దాని ద్రావణంలో ఈ ప్రోటీను కలిపితే నీళ్లలాంటి ద్రవం కొద్ది నిమిషాల్లో పాలలా తెల్లబడుతుంది. ఏ యంత్రమూ అక్కర్లేదు.

అత్తయ్య నాకు మాత్రం రెండు గుప్పిళ్లు ఇచ్చారు. "చదువుకి కదా," అన్నారు.

మా ప్రాంతంలో పెరిగినవాళ్లకు నీళ్ల మీద ఒక అనుమానం పుట్టుకతోనే వస్తుంది. బోరు నీళ్లలో ఇనుము ఎక్కువ. బిందె అడుగున, బకెట్టు అంచున, తెల్లబట్టల మీద ఎర్రటి చార కడుతుంది. కాలేజీలో నీటిని మరిగించి ఆవిరి పట్టే పరికరానికి వెళ్లేదీ ఆ నీళ్లే. అందుకే లోహాన్ని చుట్టి పట్టి లాగేసే ఈడీటీఏ అనే రసాయనాన్ని, గింజల పిండి నానబెట్టే ఉప్పునీటిలో తప్ప, మిగతా నా ద్రావణాలన్నింటిలో వేశాను. ఇతర ప్రోటీన్లు విరిగి అడుగుకు దిగాలని మధ్యలో ఆమ్లం కూడా బాగా పట్టించాను. అంత శుభ్రంగా ఎప్పుడూ పని చేయలేదని లోలోపల సంతోషించాను.

గ్లైకోజెన్ కలిపితే గొట్టంలో ద్రవం తేటగానే ఉండిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. ప్రోటీను ఉంది, కొలిస్తే తెలుస్తోంది. చక్కెరను మాత్రం పట్టడం లేదు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర అత్తయ్య అడిగారు.

"ఏరా, నా గింజలేం చెప్పేయి?"

"ఏమీ చెప్పలేదత్తయ్యా. పాతబడిపోయినట్టున్నాయి. పస లేదు."

అన్న తర్వాత పప్పులో నెయ్యి కలుపుకుని తినేశాను. ఆ మాట ఎవరితో అంటున్నానో ఆలోచించలేదు.

రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్లాను. తొలకరి పడి నేల మెత్తబడింది. చమ్మగింజ నాటే అదను అదే. నేను అరుగు మీద కూర్చుని ఉండగా ఎదురింటి కోడలు కొంగు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"అత్తయ్యగారండీ, గింజలిస్తారాండీ? మావారు అప్పుడే పందిరికి రాటలు పాతేసేరండీ."

"ఈ ఏడు లేవమ్మా."

"డబ్బా నిండా ఉన్నాయి కదండీ, మొన్న ఎండలో చూసేను."

"ఉన్నాయిలే. పస పోయిందంట. మా మేనల్లుడు కాలేజీలో పరీక్ష చేసేడు. తెలిసి తెలిసీ పాడు విత్తనం ఎలా ఇవ్వనే నీకు?"

ఆ అమ్మాయి నా వైపు చూసింది. ఆమె వెళ్లాక అత్తయ్య, ఆ వారంలో తాను ఉత్తి చేతులతో తిప్పి పంపిన నాలుగో మనిషి ఆమె అని చెప్పారు. కోపంగా చెప్పలేదు. "నాతోపాటే అదీ ముసలిదైపోయిందిరా," అని డబ్బా మూత బిగించి, దాన్ని వంటింట్లోంచి తీసి అటక మీద పెట్టారు. ఆ డబ్బాను అటక మీద నేనెప్పుడూ చూడలేదు. అదను దాటితే ఆ ఏడాది ఆ విత్తనం ఏ పెరట్లోనూ మొలవదు. తన చేతి విత్తనం మీద ఆవిడకు మళ్లీ నమ్మకం కలుగుతుందో లేదో కూడా నాకు తెలియదు.

సోమవారం ఉదయం ఫ్రిజ్ తెరిచాను. మొదటి రోజు పిండిని ఉప్పునీటిలో నానబెట్టి వడగట్టిన ద్రవం, ఆమ్లమూ ఈడీటీఏ తగలనిది, ఒక చిన్న సీసాలో మిగిలి ఉంది. చీటీ కూడా నా చేతిరాతే. మొట్టమొదట పరీక్షించవలసింది దాన్నే. విద్యార్థి ఎవరైనా ఇలా చేస్తే రికార్డు తిప్పి పంపేవాణ్ణి. రెండు చుక్కలు గ్లైకోజెన్‌లో వేశాను. గొట్టం నా చేతిలో ఉండగానే తెల్లబడింది.

గింజలో లోపం లేదు. లోపం నా శుభ్రతలో ఉంది.

ఈ ప్రోటీను మడతల్లో రెండు లోహాల అయాన్లు పక్కపక్కనే కూర్చుంటాయి: ఒకటి మాంగనీసు, ఒకటి కాల్షియం. మాంగనీసు ముందుగా తన చోట కుదురుకుంటేనే దాని పక్కన కాల్షియంకు చోటు సరిగా ఏర్పడుతుంది. కాల్షియం వచ్చాక, ప్రోటీను గొలుసులో రెండువందల ఏడో స్థానంలోని అలనిన్ అనే అమైనో ఆమ్లానికీ దాని పక్కనున్న ఆస్పార్టిక్ ఆమ్లానికీ మధ్య బంధం మామూలు దిశ వదిలి ఎదురు దిశకు తిరుగుతుంది. ఆ తిరగడంతోనే ఆస్పార్టిక్ ఆమ్లం చక్కెరను అందుకునే చోటికి వస్తుంది. విచిత్రమేమిటంటే, ఆ రెండు లోహాల్లో ఏదీ చక్కెరను తాకదు. తాకే చేతిని సరైన చోట నిలబెడతాయి, అంతే. ఆమ్లంలో ఆ లోహాలు సడలి ఊడాయి, ఈడీటీఏ వాటిని తిరిగి రానివ్వలేదు. ఇనుము మీద భయంతో నేను తోసేసింది వాటినే.

ఈడీటీఏ పోయేదాకా ప్రోటీనును కడిగాను. ఆమ్లత తగ్గించి, ముందు మాంగనీసు, తర్వాత కాల్షియం కలిపి ఉంచాను. బంధం తిరగడానికి సమయం పడుతుంది. మర్నాడు చూస్తే చచ్చిందనుకున్న ప్రోటీను గ్లైకోజెన్‌ను పాలు చేసింది.

మధ్యాహ్నం సెలవు పెట్టి, లోహం లేని ప్రోటీనూ, ఉన్నదీ, గ్లైకోజెనూ, రెండు ఖాళీ గొట్టాలూ ఐసు డబ్బాలో సర్దుకుని బస్సెక్కాను. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నారు. లోహం లేని ప్రోటీను ఒక గొట్టంలో, ఉన్నది ఇంకోదాంట్లో వేసి, రెండింటిలో గ్లైకోజెన్ కలిపాను. ఒకటి తేటగా ఉండిపోయింది. రెండోది మసకేసి, తెల్లబడింది.

"రెండూ నా గింజేనా?"

"రెండూ మీ గింజే. తేటగా ఉన్నదాన్ని నేను పాడుచేశాను." లోహాల సంగతి చెప్పాను, అవి చక్కెరను ముట్టుకోవని కూడా.

ఆవిడ రెండు గొట్టాలూ తీసుకుని కిటికీ వెలుతురుకి పెట్టి చూశారు.

"రాటలకి కాయలు కాస్తాయేంట్రా? పీకేస్తే మటుకు పాదంతా నేల మీదుంటాది. మూలరాట ముందు పాతాలి, ఆనక మిగతావి. అంతేనా?"

"అంతే అత్తయ్యా." ఆ వరస పాఠంలో చెప్పడానికి నాకు ఒక గంట పడుతుంది.

"ఆయ్. మరి నువ్వు రాటలు పీకేసి, పాదు మంచిది కాదన్నావన్నమాట."

"అన్నాను. తప్పయిపోయింది."

"తప్పు నాకు చెప్తే ఏం లాభం? నీ మాట పట్టుకుని నేను నలుగురికి లేవని చెప్పేను. ఆ నలుగురికీ నువ్వే చెప్పు." అటక వైపు చూపించారు. "ముందు ఆ డబ్బా దింపు."

దింపాను. ఆవిడ చెయ్యి పెట్టి, నాలుగుసార్లు గుప్పిట పట్టి నాలుగు కాగితాల్లో పోశారు. ఎర్రటి గింజలు. రెండు గింజలు పుచ్చు కనబడితే ఏరి పక్కన పెట్టారు. నన్ను బయటికి పంపే ముందు మాత్రం నవ్వేశారు. "కాలేజీ మేష్టారు ఇంటింటికీ వస్తే జనగణన అనుకుంటారేమో, ముందే నా పేరు చెప్పు."

మొదటి రెండు ఇళ్లలో సులువుగానే అయింది. మూడో ఇంట్లో పెద్దాయన నా డిగ్రీలన్నీ అడిగి తెలుసుకుని, "అంత చదివీనాండీ?" అన్నారు. చివరిది ఎదురిల్లే. ఆ అమ్మాయి రాటల మధ్య తవ్విన గుంటల్లో పశువుల ఎరువు వేస్తోంది. గింజలో లోపం లేదని, తప్పంతా నా పరీక్షదేనని, లోహాలు పోవడం వల్ల అలా జరిగిందని చెప్పి పొట్లం అందించాను.

"అయితే ఆ మాంగనీసేదో మేం కూడా గుంటలో వెయ్యాలాండీ?"

"అక్కర్లేదమ్మా. గింజలోనే ఉంది. నాలాంటివాడు తీసేస్తే తప్ప ఎక్కడికీ పోదు."

ఆమె పొట్లం విప్పి, నేను చూస్తుండగానే మూలరాట దగ్గర మొదటి గింజ నాటింది. కృతజ్ఞత చెప్పలేదు.